విమానం ఎక్కితే చాలదు

అమ్మానాన్నలు మొదటిసారి అమెరికా బయలుదేరుతున్నారంటే తెలుగు ఇళ్ళలో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. మొదటిది పిల్లలది: "మీరేం బుర్ర పాడుచేసుకోకండి. విమానం ఎక్కండి చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం." రెండోది చుట్టుపక్కల అందరిదీ: "అంత డబ్బు పోసి టికెట్ కొన్నాక ఆరు నెలలూ ఉండి రావలసిందే." రెండూ ప్రేమతో పుట్టిన మాటలే. అనేవాళ్ళ మనసు మీద నాకు అనుమానం లేదు. అయినా రెండూ తప్పు మాటలని నా వాదన. ముక్కూ మొహం తెలియని దేశంలో నెలల తరబడి గడపబోయే మనిషి దగ్గర నుంచి ఆ ప్రయాణం గురించి ఆలోచించే పనిని తీసేసుకోవడం సాయం కాదు. ఏళ్ళ తరబడి ఇల్లు నడిపినవాళ్ళను, ఉద్యోగాలు చేసినవాళ్ళను, పెళ్ళిళ్ళు చేసినవాళ్ళను ఒక్క టికెట్‌తో సామాను కింద జమకట్టడం అది. దానివల్ల ఎన్ని ఇళ్ళలో మాటా మాటా పెరిగిందో, ఎందరి ఆరోగ్యం చిక్కులో పడిందో ఇక్కడ అమెరికాలో కాపురం ఉంటున్నవాళ్ళకు తెలుసు. తెలిసీ పైకి అనరు.

నేను ఉండేది సన్నీవేల్‌లో. ప్లాన్ ఎందుకు అనేవాళ్ళకు ఇంతకంటే అనుకూలమైన ఊరు దొరకదు కాబట్టి దీన్ని పెట్టుకునే మాట్లాడతాను. కాలిఫోర్నియాలో శాంటా క్లారా కౌంటీలో, మౌంటెన్ వ్యూకీ కూపర్టినోకీ శాంటా క్లారాకీ మధ్య ఉంటుందీ ఊరు. 2020 జనాభా లెక్కల్లో లక్షా యాభై అయిదు వేల పైచిలుకు మనుషులు. వాళ్ళలో సగానికి దగ్గరగా ఆసియా మూలాలవాళ్ళే. పర్షియన్ డ్రైవ్ మీద హిందూ గుడి ఉంది. ఎల్ కామినో రియల్ రోడ్డు పొడవునా మన కిరాణా కొట్లు, మన హోటళ్ళు. గంట లోపు కారు ప్రయాణంలో లివర్‌మోర్ శివవిష్ణు ఆలయం, 1986 నుంచీ ఉన్నది. పిల్లలకు తెలుగు నేర్పడానికి సిలికానాంధ్ర సంస్థ 2007లో మొదలుపెట్టిన మనబడి ఉంది. సాయంత్రం ఏ పార్కుకు వెళ్ళినా నాలుగు జిల్లాల తెలుగు వినపడుతుంది. ఇవన్నీ చూపించి, "అక్కడ అంతా మనవాళ్ళే, హైదరాబాద్‌లో ఉన్నట్టే ఉంటుంది, కొత్త దేశం అనుకోవడం దేనికి?" అంటారు.

గోంగూర దొరికినంత మాత్రాన దేశం మనది అయిపోదు. పప్పులూ పచ్చళ్ళూ మనవే. రోడ్డు మనది కాదు, ఆసుపత్రి మనది కాదు, చట్టం మనది కాదు. అన్నిటికంటే ముఖ్యంగా పగలు మనది కాదు. ఉదయం ఎనిమిదిన్నరకల్లా కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనవలు బడికి వెళ్ళిపోతే సాయంత్రం ఆరు దాకా ఆ అపార్ట్‌మెంట్‌లో ఇద్దరే పెద్దవాళ్ళు. తలుపు తీసి బయట నిలబడితే పలకరించే మనిషి ఉండడు. పాలవాడు రాడు, కూరల బండి రాదు, పక్కింటివాళ్ళు చక్కెర అడగడానికి రారు. ఇండియాకు ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి. ఎండాకాలంలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు తేడా. పిల్లలు "మిగతాదంతా చూసుకుంటాం" అన్నప్పుడు వాళ్ళ మనసులో ఉండేది శని, ఆదివారాలు: గుడి, గోల్డెన్ గేట్ వంతెన, లాస్ వేగస్, ఎవరింట్లోనో పుట్టినరోజు. మిగిలిన అయిదు రోజుల గురించి ఎవరూ ఏమీ అనుకుని ఉండరు. ఆరు నెలల ప్రయాణంలో ఆ అయిదు రోజులే నూట ముప్ఫై రోజులవుతాయి.

"వాళ్ళకు తెలియని దేశం, వాళ్ళేం ప్లాన్ చేస్తారు?" అన్నది పిల్లల వైపు నుంచి వచ్చే గట్టి వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ప్రయాణానికి కావలసిన తెలివిడి అంతా వెళ్ళే దేశానికి సంబంధించినదే అని ఎవరన్నారు? అమెరికా సంగతి పిల్లలకు తెలుసు. నాన్న రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తాడో, అమ్మ మోకాలు ఎన్ని మెట్ల దాకా ఓర్చుకుంటుందో, పెన్షన్ ఏ బ్యాంకులో పడుతుందో, కింది వాటా అద్దెకున్నవాళ్ళు ఎప్పుడు ఖాళీ చేస్తామన్నారో, మంచంలో ఉన్న పెద్దమ్మ ఇంకెన్నాళ్ళో, ఎన్ని రోజులు ఊరు వదిలి ఉంటే మనసు ఆగుతుందో పిల్లలకు తెలియదు. ఇందులో సగం వాళ్ళకు చెప్పనుకూడా చెప్పరు. కాబట్టి ప్రయాణంలో సగం తెలివిడి ముందునుంచీ పెద్దవాళ్ళ దగ్గరే ఉంది. ఆ సగాన్ని పక్కన పెట్టి, రెండో సగంతోనే టికెట్ తీయడం వల్లే ఇన్ని చిక్కులు.

ఒక్క పెన్షన్ సంగతే చూడండి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. సెప్టెంబరులో వచ్చి మార్చిలో తిరిగి వెళ్ళేలా కొడుకు టికెట్ తీస్తే ఆ నెల ఇక్కడే గడిచిపోతుంది. విదేశంలో ఉన్నప్పుడు ఎలా ఇవ్వాలి, ముఖం చూపించి ఫోన్‌లో చేసే పద్ధతి తమకు పనికొస్తుందా, లేక కాన్సులేట్ సంతకం కావాలా అన్నది బయలుదేరకముందే బ్యాంకులో కనుక్కోవలసిన విషయం. ఇండియా సిమ్ బతికి లేకపోతే బ్యాంకు ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే సొంత డబ్బు తమది కాకుండా పోతుంది. ఇలాంటివి సన్నీవేల్‌లో కూర్చున్న ఇంజనీరు కొడుక్కి తట్టవు. తట్టకపోవడం అతని తప్పు కాదు. తట్టే మనిషిని అడగకపోవడం తప్పు.

మనకు ఈ విషయంలో పెద్ద ఒరవడే ఉంది. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. పదిహేను నెలల పైన. ఆయన కలిగినవారు. వెంట పరివారం ఉంది, బోయీలున్నారు, చెప్పిన పని చేసేవాళ్ళున్నారు. "అయ్యా, మీరు పల్లకీలో కూర్చోండి, మిగతాది మేం చూసుకుంటాం" అనడానికి బోలెడంత మంది ఉన్నారు. అయినా ఏ ఊళ్ళో బియ్యం దొరుకుతాయి, ఎక్కడ నీళ్ళు మంచివి, ఏ ఏరు ఎలా దాటాలి, మజిలీకి మజిలీకి ఎంత దూరం అన్నవి స్వయంగా చూసుకుని రాసుకున్నారు. ఆ రాతల్నే కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై 1838లో కాశీయాత్ర చరిత్ర పేరుతో అచ్చువేయించారు. తెలుగులో యాత్రారచన మొదలయిందే, తన ప్రయాణాన్ని తన చేతుల్లో పెట్టుకున్న ఒక మనిషితో. రైలు కూడా లేని కాలంలో చేయగలిగిన పని, చేతిలో ఫోన్ ఉన్న కాలంలో మన అమ్మానాన్నలకు చేతకాదని ఎలా అంటాం?

ఇక ఆరు నెలల సంగతి. బీ-2 అనే సందర్శకుల వీసా మీద వచ్చినవాళ్ళకు విమానాశ్రయంలో అధికారి సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తాడు. ఐ-94 అనే రికార్డులో ఆ తేదీ ఉంటుంది. అది అంతకు మించి ఉండకూడదని పెట్టిన హద్దు. అన్నాళ్ళూ ఉండి తీరాలన్న షరతు ఎక్కడా లేదు. కానీ మనవాళ్ళ మధ్య అదొక కొలబద్ద అయిపోయింది. మూడు నెలలకే తిరిగి వెళ్ళారంటే ఊళ్ళో అడిగే మొదటి ప్రశ్న, "కోడలితో పడలేదా?" ఆ ప్రశ్నకు భయపడి ఉండిపోయినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఆరు నెలలు ఉంటే ప్రేమ ఎక్కువ, మూడు నెలలు ఉంటే తక్కువ అనే లెక్క పెట్టినవాళ్ళెవరో గానీ, రెండు కుటుంబాలకూ అన్యాయం చేశారు.

"టికెట్ డబ్బు" అనే వాదనను లెక్క వేసి చూద్దాం. టికెట్ ఒకసారి పెట్టే ఖర్చు, నిజమే. బీమా అలా కాదు, ఉన్నన్ని రోజులకూ కట్టాలి. అరవై అయిదు, డెబ్బై దాటినవాళ్ళకు మంచి పాలసీ తీసుకుంటే ఆరు నెలల ప్రీమియం చిన్న మొత్తమేమీ కాదు. అందుకే చాలామంది పిల్లలు ఆఖరి రాత్రి అన్నిటికంటే చవకైనది చూసి కొంటారు. ఆ చవక పాలసీ ఒక్కో చికిత్సకు ఇంతే ఇస్తానని ముందే గీత గీసేస్తుంది. ఆ పైన వచ్చే బిల్లు కుటుంబం మీదే పడుతుంది. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు సందర్శకుల బీమా మామూలుగా వర్తించదు. అవి హఠాత్తుగా ముదిరితే కొంత ఇచ్చే పాలసీలున్నాయి గానీ వాటికీ వయసు హద్దు, డబ్బు హద్దు ఉంటాయి. ఇక్కడ అరవై అయిదు దాటినవాళ్ళకు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉందట కదా అనుకుని ధీమాగా వచ్చేవాళ్ళున్నారు. సందర్శకులకు అది రాదు. 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళకు, డబ్బున్నా లేకపోయినా, ఆసుపత్రి ప్రాణాపాయం తప్పించాలి. ఆ తర్వాత బిల్లు మాత్రం ఇంటికి వస్తుంది. టికెట్ మీద ఆదా చేశామనుకున్నదాన్ని ఒక్క రాత్రి ఆసుపత్రి వాసం తుడిచిపెట్టేస్తుంది. బీమా కాగితాన్ని పిల్లలతో పాటు పెద్దవాళ్ళూ చదవాలి. ఆ కాగితంలో ఉన్నది వాళ్ళ శరీరం గురించి.

మందులు ఇంకో లెక్క. సొంత వాడకానికి తెచ్చుకునే మందులు మూడు నెలలకు మించకూడదన్నది అమెరికా ఆహార, ఔషధ సంస్థ సాధారణంగా చెప్పే పరిమితి. ఆరు నెలల టికెట్టూ మూడు నెలల మందులూ ఎలా కుదురుతాయి? మిగతావి తర్వాత తెప్పించుకోవడానికి డాక్టరు చీటీ, వీసా కాపీ లాంటి కాగితాలు కావాలి. లేదంటే ఇక్కడ డాక్టరును చూసి రాయించుకోవాలి. మన దగ్గరలా మందుల షాపుకు వెళ్ళి పాత స్ట్రిప్ చూపిస్తే ఇవ్వరు. చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోవాలి. మన పారాసిటమాల్ ఇక్కడ ఎసిటమినోఫెన్ పేరుతో ఉంటుంది, అడిగేవాళ్ళకు ఆ సంగతి తెలియాలి. డబ్బాల్లోంచి తీసి వారాల పెట్టెల్లో సర్దుకుని రాకుండా షాపు ప్యాకింగ్‌తోనే, చేతి సంచిలో తెచ్చుకోవాలి. ఇవన్నీ కూర్చుని చూసుకుంటే ఎవరూ చెప్పకుండానే ఒక సంగతి తేలుతుంది: మొదటి ప్రయాణం రెండు మూడు నెలలైతే మందులు సరిపోతాయి, బీమా తగ్గుతుంది, మనసుకూ ఊపిరి ఆడుతుంది. మన సందర్శకులకు ఇచ్చే వీసా సాధారణంగా పదేళ్ళది. మళ్ళీ రావచ్చు.

దూరం పెరిగేకొద్దీ మన చేతిలో లేనివి కూడా పెరుగుతాయి. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసినప్పుడు ఎందరో అమ్మానాన్నలు ఇక్కడే ఇరుక్కుపోయారు. వందే భారత్ పేరుతో విమానాలు మొదలయ్యాక, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ముంబై మీదుగా హైదరాబాద్‌కు మొదటి విమానం చేరింది మే 11న. అలాంటిది మళ్ళీ వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మామూలు రోజుల్లో కూడా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న కొడుక్కి ఉద్యోగం పోతే ఇంకో దారి చూసుకోవడానికి చట్టం ఇచ్చే గడువు అరవై రోజుల లోపే. 2022, 2023లలో ఈ సిలికాన్ లోయలోని పెద్ద కంపెనీలు వేల మందిని తీసేసినప్పుడు, హాల్లో అమ్మానాన్నలు నిద్రపోతుంటే పడకగదిలో తలుపు వేసుకుని ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకున్న పిల్లలు ఎందరో. తిరుగు ప్రయాణం తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొనడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

కాన్పు సంగతి వేరు కదా అంటారు. వేరే. మన ఆచారంలో తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వస్తుంది. అమెరికాలో పుట్టిల్లే విమానం ఎక్కి అమ్మాయి దగ్గరికి వస్తుంది. పచ్చి బాలింతకు తల్లి చేతి పత్యం, పసిబిడ్డకు నూనె మర్దన, వీటికి ఇక్కడ డబ్బు పెట్టినా బదులు దొరకదు. ఆ రాకను నేను నెత్తిన పెట్టుకుంటాను. నా అభ్యంతరం దాని పక్కన పెరిగిన ఇంకో అలవాటు మీద. మొదటి ఆరు నెలలు అమ్మాయి తరఫువాళ్ళు, తర్వాతి ఆరు నెలలు అబ్బాయి తరఫువాళ్ళు అని వంతులు వేసి, బిడ్డకు ఏడాది వచ్చేదాకా డేకేర్ అవసరం లేకుండా క్యాలెండర్ నింపేయడం. ఈ ప్రాంతంలో పసిపిల్లల డేకేర్ ఎంత ఖరీదో నాకు తెలుసు. పిల్లల ఇబ్బంది నిజం. అయితే ఆ మాట పెద్దవాళ్ళతో విప్పి చెప్పారా? రోజుకు ఎన్ని గంటలు బిడ్డ వాళ్ళ చేతుల్లో ఉంటుంది, రాత్రి ఎవరు లేస్తారు, వారంలో ఏ రోజు వాళ్ళకు సెలవు అని ముందే అనుకున్నారా? "రండి, సరదాగా ఉందురు గాని" అని పిలిచి, వచ్చాక ఎనిమిది కిలోల పసివాణ్ణి రోజంతా ఎత్తుకునే పని అప్పగిస్తే, మనవడి మీద ప్రేమ ఎంత ఉన్నా నడుము ఊరుకోదు. తాతగారి సంగతి మరీ అన్యాయం. ఆయనకు బిడ్డ పనీ రాదు, వంట పనీ లేదు. ఆరు నెలలు టీవీ ముందు కూర్చోబెట్టడానికి ఒక మనిషిని పదమూడు వేల కిలోమీటర్లు రప్పించడం ఏ లెక్కన మంచిదో ఆలోచించాలి.

"కారు లేకపోతే అక్కడ అడుగు వేయలేం, కాబట్టి మేం తీసుకెళ్తేనే" అన్నది ఇంకో మాట. దేశం మొత్తం మీద ఇందులో నిజం ఉంది. సన్నీవేల్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. ఎల్ కామినో రియల్ మీద స్థానిక రవాణా సంస్థ వీటీఏ నడిపే 22 నంబరు బస్సు, దానికంటే తక్కువ స్టాపుల్లో ఆగే 522, పాలో ఆల్టో నుంచి శాన్ హోసే దాకా తిరుగుతాయి. మన కొట్లలో చాలావాటి ముందు నుంచే వెళ్తాయి. ఎవిలిన్ అవెన్యూ మీద క్యాల్‌ట్రెయిన్ స్టేషన్ ఉంది. 2024 సెప్టెంబరు నుంచి ఆ దారిలో కరెంటు రైళ్ళు నడుస్తున్నాయి. గంట అటూ ఇటూగా శాన్ ఫ్రాన్సిస్కోలో దిగవచ్చు. పాలో ఆల్టోలో దిగితే స్టాన్‌ఫర్డ్ వాళ్ళ ఉచిత బస్సు ఎక్కి క్యాంపస్‌కు చేరవచ్చు, అక్కడి క్యాంటర్ మ్యూజియం చూడటానికి టికెట్ అక్కర్లేదు. క్లిప్పర్ కార్డు ఒకటి జేబులో ఉంటే బస్సుకూ రైలుకూ అదే, అరవై అయిదు దాటినవాళ్ళకు తగ్గింపు. ఒలివ్ అవెన్యూలో పబ్లిక్ లైబ్రరీ ఉంది. లోపలికి వెళ్ళి కూర్చుని చదువుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెమింగ్టన్ డ్రైవ్‌లో కమ్యూనిటీ సెంటర్, అందులో యాభై దాటినవాళ్ళ కోసం సీనియర్ సెంటర్. మిల్పిటస్‌లో ఇండియా కమ్యూనిటీ సెంటర్ వాళ్ళు మన పెద్దవాళ్ళ కోసం ప్రత్యేకంగా కార్యక్రమాలు నడుపుతారు.

రెమింగ్టన్ డ్రైవ్‌లోని కమ్యూనిటీ సెంటర్ పక్కనే ఆప్రికాట్ తోట ఒకటి ఉంది, దాన్ని నేను వచ్చినవాళ్ళందరికీ చూడమని చెబుతాను. కంప్యూటర్లు రాకముందు ఈ లోయంతా పళ్ళతోటలే. ఊరి పెద్దలు ఆ తోటను చరిత్ర గుర్తుగా కాపాడుకుంటున్నారు. దాని దగ్గరే హెరిటేజ్ పార్క్ మ్యూజియం, 1844లో బళ్ళ మీద సియెర్రా కొండలు దాటి వచ్చిన మార్టిన్ మర్ఫీ కుటుంబం ఇంటి నమూనాలో కట్టింది. గుంటూరు జిల్లాలో మిరపతోట చేసిన రైతుకు, కోనసీమలో కొబ్బరి చూసుకున్నవారికి గూగుల్ ఆఫీసు ముందు ఫోటో కంటే ఆ తోట ఎక్కువ మాట్లాడుతుంది. "నాన్నకు ఏం చూడాలని ఉంది?" అని అడిగితేనే ఇలాంటివి బయటికొస్తాయి.

బస్సులో తప్పిపోతే ఎలా అంటారు. మొదటి వారంలో ఒక్క శనివారం కారు పక్కన పెట్టి, పిల్లలు వాళ్ళతో కలిసి బస్సు ఎక్కాలి. ఎక్కడ ఎక్కాలో, దిగడానికి తాడు ఎప్పుడు లాగాలో, ఎల్ కామినో లాంటి వెడల్పాటి రోడ్డును బటన్ నొక్కి, మనిషి బొమ్మ వెలిగాకే ఎలా దాటాలో చూపించాలి. ఇక్కడి నంబరుతో పనిచేసే ఫోన్ వాళ్ళ చేతిలో ఉండాలి. ఇంటి చిరునామా నోటికి రావాలి. ఇది తిరగడానికే కాదు, పగలు ఇద్దరే ఉన్నప్పుడు ఒకరు కింద పడితే రెండోవారు ఎమర్జెన్సీ నంబరు 911కు ఫోన్ చేసి చెప్పవలసింది కూడా ఆ చిరునామానే. ఆసుపత్రిలో భాష రాదని బెంగ పడనక్కర్లేదు, ఉచితంగా దుబాసీని అడిగే హక్కు రోగికి ఉంది. ఈ సంగతులు ముందే తెలిసినవాళ్ళు ఇంట్లో ధైర్యంగా ఉంటారు.

చేతిలో డబ్బు గురించి కూడా చెప్పాలి. ముప్ఫై అయిదేళ్ళు జీతం తెచ్చినవాడు ఇక్కడ కాఫీకి కొడుకు కార్డు అడగాల్సి రావడం చిన్న విషయం కాదు. సొంత బ్యాంకు నుంచి ఫారెక్స్ కార్డు ఒకటి, కొంచెం నగదు తెచ్చుకోవాలి. మనవడికి ఐస్‌క్రీం కొనిపెట్టే స్వేచ్ఛ తాతకు ఉండాలి.

విమానాశ్రయంలో వీల్‌చెయిర్ గురించి మాట్లాడితే కొందరికి కోపం వస్తుంది, అయినా మాట్లాడాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు, గుండె జబ్బులున్నవాళ్ళకు అది కావాలి, అడగడంలో నామోషీ ఏమీ లేదు. కానీ రోజూ పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషికి, "భాష రాదు, దారి తెలియదు" అని వీల్‌చెయిర్ బుక్ చేయడం ఇప్పుడు మామూలైపోయింది. మన దేశం నుంచి అమెరికా వచ్చే విమానాల దగ్గర ఆ బారులు చూడండి. నిజంగా నడవలేనివాళ్ళు ఆ వరసలో గంటల తరబడి ఎదురుచూడవలసి వస్తోంది, మొదటి అన్యాయం అది. రెండోది, కాళ్ళున్న మనిషికి ప్రయాణం మొదట్లోనే "నీ వల్ల కాదు" అని చెప్పేయడం. దానికి బదులు రెండు పనులు చేయండి. మారే విమానాశ్రయం ఒక్కటే ఉండేలా, అక్కడ మూడు నాలుగు గంటల వ్యవధి ఉండేలా టికెట్ తీయండి. ఏ గేటు, ఏం అడుగుతారు, ఏ కాగితం చూపించాలి అన్నది ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో ఒక వరస, ఇంగ్లీషులో ఒక వరస రాసి ఇవ్వండి. ఇంకా మేలు, వాళ్ళ చేతే రాయించండి.

తమ పని తామే చేసుకోవాలన్నది వీసా ఇంటర్వ్యూకూ వర్తిస్తుంది. హైదరాబాద్‌లో అమెరికన్ కాన్సులేట్ 2008లో పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడ భవనంలోకి మారింది. అంతకుముందు చెన్నై వెళ్ళిరావాల్సిన పని మనకు తప్పింది గానీ, ఇంటర్వ్యూ అంటే భయం తప్పలేదు. వారం రోజులు ఫోన్లో జవాబులు బట్టీ పట్టిస్తారు. ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్ళుంటారు, ఖర్చు ఎవరిది, తిరిగి ఎందుకు వస్తారు అన్నవే కదా అక్కడ అడిగేవి. తన ప్రయాణాన్ని తానే అనుకున్న మనిషికి వీటికి జవాబు బట్టీ పట్టనక్కర్లేదు. ఉన్న మాట చెబితే సరిపోతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో దిగాక అధికారి మళ్ళీ అదే అడుగుతాడు, మళ్ళీ అదే జవాబు.

ఎప్పుడు రావాలన్నది కూడా పెద్దవాళ్ళు తేల్చుకోవలసిందే. పిల్లలకు సెలవులు దొరికే డిసెంబరులో ఇక్కడ వానలు, సాయంత్రం అయిదుకు ముందే సూర్యాస్తమయం. ఇల్లు కదలడానికి అది అనువైన కాలం కాదు. వేసవి చివర, ఆగస్టు సెప్టెంబరుల్లో అడవులు తగలబడి పొగ కమ్మే రోజులుంటాయి. 2020 సెప్టెంబరు 9న ఈ ప్రాంతమంతా పగటిపూటే ఆకాశం నారింజరంగుకు తిరిగింది. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇది ఆలోచించుకోవాలి. నన్నడిగితే ఏప్రిల్ నుంచి జూన్ చివరి దాకా మంచిది. మన ఎండలు తప్పుతాయి, ఇక్కడ పొద్దు ఎనిమిది దాకా ఉంటుంది. బంగినపల్లి మామిడి పోగొట్టుకోవాల్సి వస్తుంది, అది నష్టమేనని ఒప్పుకుంటాను.

సామాను గురించి ఒక్క మాట చాలు. ఇరవై మూడు కిలోల సూట్‌కేసులు రెండేసి, అందులో కందిపప్పూ బియ్యప్పిండీ నింపుకుని రావద్దు. అవన్నీ ఎల్ కామినో మీద దొరుకుతాయి. పళ్ళు, విత్తనాలు, మొక్కలు, మాంసం లాంటివి తెచ్చి కస్టమ్స్‌కు చెప్పకపోతే జరిమానా పడవచ్చు. ఆ చోటులో మీ మందులు, స్వెటరు, నడక బూట్లు, చదువుకునే పుస్తకాలు పెట్టుకోండి.

ఇదంతా చెబితే, "అమ్మానాన్నలు మా ఇంటికి రావడానికి ఇంత తతంగమా, చుట్టాల్లా చూస్తున్నట్టుంది" అని పిల్లలు నొచ్చుకుంటారు. వాళ్ళ నొప్పి నాకు అర్థమవుతుంది. కానీ సొంత ఇల్లంటే ఎప్పుడు బయటికి వెళ్ళాలో, ఏం వండుకోవాలో, ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు వెళ్ళిపోవాలో మనమే అనుకునే చోటు. ఆ నాలుగూ పెద్దవాళ్ళ చేతిలో లేనప్పుడు ఆ ఇల్లు ఎంత ప్రేమగా చూసినా పిల్లల ఇల్లే.

అందుకని అమ్మలకూ నాన్నలకూ నా విన్నపం ఇది. టికెట్ కొనేముందు మీ అబ్బాయితో, అమ్మాయితో వీడియో కాల్‌లో ఒక గంట కూర్చోండి. మీ మందుల చీటీ, బ్యాంకు పనులు, మీరు చూడాలనుకున్నవి, మీరు చేయగలిగిన పని, చేయలేని పని అన్నీ మొహమాటం లేకుండా చెప్పండి. బీమా కాగితం పంపించమని అడిగి చదవండి. వాళ్ళకు తెలిసింది వాళ్ళను చూసుకోనివ్వండి. తిరుగు ప్రయాణం తేదీ మాత్రం మీరే చెప్పండి.